పేరు చెప్పిన ఆకు

మీరే చేశారు. గోదావరి వరద చేయలేదు, అడవిగాలి చేయలేదు, జంపక్క నుదుటిరాత చేయలేదు. గొర్రె మెదడు నూరి కుక్కకాటుకు మందు చేసింది మీరు. ఆ మందు కొందరికి నరాలు పట్టేస్తుందని, కాళ్లు చచ్చుబడతాయని మీ లావుపాటి పుస్తకాల్లో రాసుకుని, అదే చదివి పరీక్షలు ప్యాసయిందీ మీరే. చేతికి వేసే మంచి మందు వచ్చాక దాన్ని కొనగలిగినవాడికి అమ్మారు. కొనలేనివాడి బొడ్డు చుట్టూ మాత్రం పాతదే పద్నాలుగు పోట్లు పొడిచారు. ఇప్పుడు మనిషి పాక్కుంటూ వచ్చి నా కాళ్లేవని అడిగితే, నువ్వు తిన్న ఆకుపసరే నీ కాళ్లు తీసిందని అంటున్నదీ మీరే.

ఇన్ని మాటలు జంపక్కకు రావు. "పొడిసింది మీరు గద!" అంటుంది, అంతే. పదిహేడు నెలలుగా అదొక్కటే అంటోంది.

దుమ్ముగూడెం మండలంలో తారురోడ్డు ఆగిపోయాక ఇంకో మూడు మైళ్లు నడిస్తే వాళ్ల కోయగూడెం వస్తుంది. అది 2004 ఆగస్టు. మంగళవారం మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక వకీలు హీరాలాల్ బురదలో మోటారు సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. జంపక్క వసారాలో గోడకు ఆనుకుని అడ్డాకులతో విస్తళ్లు కుడుతోంది. ఆకు మీద ఆకు పేర్చడం, వెదురు పుల్ల గుచ్చడం, మిగిలిన కొసను బొటనవేలితో పుటుక్కున విరవడం. చేతులు ఆగవు. నడుము కిందనున్న రెండు కాళ్లూ ఎవరో తెచ్చి పక్కన పడేసి పోయినట్టున్నాయి. చీమ పాకినా తెలియదు. అందుకే ఆకుకోసారి కాళ్లవైపు చూసి దులుపుకుంటుంది.

హీరాలాల్ తండా నుంచి చదువుకుని పైకొచ్చినవాడు. ఖమ్మంలో ఇంకా పేరు రాలేదు గానీ కోపం మాత్రం వచ్చింది. బూట్ల బురద గీక్కోకుండానే గడప మీద కూర్చుని సంచిలోంచి కాగితం తీశాడు.

"జంపక్కా, ఎల్లుండి ఆఖరి వాయిదా. దీంతోని మన కొంప ముంచుతున్నరు, ఇను." చదివాడు. "'రోగి నాటుమందు తీసుకున్నట్లు అంగీకరించినది.' కింద నీ ఏలిముద్ర. ఏమన్నవ్ ఆ పొద్దు దవాఖానాల?"

"ఏమన్లే సారూ."

"ఏమన్లేదంటే?"

"ఆకుమందు తిన్నవా అని అడిగిండ్రు. నేను తల దించుకున్న. మల్లడిగిండ్రు. మాట్లాడలే. ఈడ ఏలెయ్యి అన్నరు, ఏసిన."

హీరాలాల్ నెత్తి పట్టుకున్నాడు. "నువ్వు మాట్లాడకుంటే ఒప్పుకున్నవని రాసుకున్నరు తల్లీ!"

జంపక్క పుల్ల విరిచింది. ఆమె తల దించుకున్నది ఒప్పుకుని కాదు. గూడెంలో పూజలు చేసి ఆకుమందులిచ్చే వడ్డె కట్టిన మందును నోటితో అనరు. ఆకు పేరు బయటపడితే ఆకు చస్తుంది, ఇక ఎవరికి కట్టినా గడ్డే. అందుకని ఎవరికి కట్టాడో, ఎక్కడ కట్టాడో, అసలు కట్టాడో లేదో కూడా మాట్లాడరు. అడిగితే అవుననకూడదు, కాదనకూడదు. పుట్టినప్పటి నుంచీ అలాగే పెరిగిన మనిషిని తెల్లకోటు వేసుకున్న నలుగురు చుట్టూ నిలబడి అడిగితే ఇంకేం చేస్తుంది?

గూడేనికి వడ్డె ఆమె మామే, సీతయ్య. వసారా అవతలి కొసన కూర్చుని చేటకు వెదురు బద్దలు చీలుస్తున్నాడు. మిరప కోతలప్పుడు కుక్క కరిచిన రోజు కోడలి పిక్క కడిగి పైన ఆకు కట్టింది ఆయనే. కట్టి, "ఇది పైపుండుకే. లోపలి ఇసానికి నా తాన లేదు. దవాఖానాకు పొండ్రి, జల్దీ" అన్నదీ ఆయనే. ఆయనా మాట అనకపోయి ఉంటే జంపక్క దవాఖానాకు పోయేది కాదు. పోకపోతే ఆ పిచ్చికుక్క కాటుకు ఎప్పుడో మట్టిలో కలిసేది. ఆ సంగతి తెలిసే ఆయన ఈ పదిహేడు నెలలుగా ఆమె కాళ్లవైపు సూటిగా చూడడు.

"ఒక్క మాట చాలు," అన్నాడు హీరాలాల్. "ఎల్లుండి ఆళ్ల వకీలు అడుగుతడు. ఆకు లేదు, పసరు లేదు, ఏదీ లేదు అను. ఇంకేం అనకు. అన్నవా, కేసు నిలబడ్తది. అనలేదా, పసరుతోనే కాళ్లు పోయినయని రాసి ఫైలు మూస్తరు. మందులు, మాలీసు, చక్రాల కుర్చీ, ఇంత బతుకుదెరువు... ఏదీ రాదు. ఇంకో కోర్టుకు పోవుడు నా తోని కాదు, నీ తోని కాదు."

"ప్రమాణం చేయిస్తరు గద?"

"చేయిస్తరు."

జంపక్క చేతులు ఆగాయి. వెదురు చీల్చే చప్పుడు కూడా ఆగింది. గుంజకు ఆనుకుని వింటున్న మొగుడు రమణే అందుకున్నాడు. "అంటది సారూ. నేను అనిపిస్త."

వకీలు పోయాక రమణ పెళ్లాం ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "లేదు అను. రెండచ్చరాలు. నీకేం పోయింది?"

"ఉన్నదాన్ని లేదంటే ఉన్నది ఊకుంటదా?"

"నా ఈపు మీద ఊరేగేదానివి, నా మాట ఇనవు!"

"ఈపు నీది. నోరు నాది."

రమణకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. లేచి వానలోకి పోయాడు. సీతయ్య మళ్లీ కత్తి అందుకున్నాడు గానీ బద్ద సగానికి చీలి పక్కకు పోయింది. నలభై ఏళ్లుగా వెదురు చీలుస్తున్న చెయ్యి అది. జంపక్క చూసింది, చూడనట్టు ఇంకో ఆకు తీసుకుంది.

బుధవారం తెల్లారి రమణ ఆమెను వీపుకెత్తుకున్నాడు. జారకుండా పాత చీరతో నడుముకు కట్టుకున్నాడు. మూడు మైళ్లలో రెండు వాగులు. రెండో వాగులో నీళ్లు రమణ తొడల దాకా వచ్చాయి. చల్లటి నీళ్లు తన పాదాలను తాకుతున్నాయని జంపక్కకు కళ్లు చెప్పాయి, కాళ్లు చెప్పలేదు. వెనక నీళ్ల చప్పుడైతే తిరిగి చూసింది. సీతయ్య వస్తున్నాడు. రమ్మని ఎవరూ అనలేదు. చంకలో తువాలు మూట.

"నువ్వెందుకు మామా ఈ ముసురుల?"

"బస్సెక్కి శానా రోజులైంది," అన్నాడాయన. అంతకు మించి అడిగితే ఆయన చెప్పడు.

భద్రాచలంలో దిగి ముందు ట్రస్టు దవాఖానాకు పోయారు. జంపక్క కేసుషీటు నకలు తెమ్మన్నాడు హీరాలాల్. డబ్బు కట్టేవాళ్లకు ముందు వైపు గదులు, కట్టలేనివాళ్లకు వెనక వైపు వరండా. ఆ వెనక వరండాలోనే ఆమెకు పద్నాలుగు సూదులు పొడిచారు. అదే రోజు, అదే కుక్క కరిచిన వెంకటప్పయ్య మనవడికి ముందు గదిలో చేతికి సూది వేశారు. వెంకటప్పయ్య కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మిరప తోటలు వేసిన ఆసామి, ఈ ట్రస్టు కమిటీలో పెద్ద. ఆ పొద్దు ఆయన తోటలోనే పిల్లాడి పిక్క పట్టిన కుక్కను జంపక్క మిరప కట్టెతో కొట్టింది. అది పిల్లాడిని వదిలి ఆమెను పట్టింది. రెండు చోట్ల కరిచింది. కాపాడినందుకు ఆసామి ఆమెను తన జీపులోనే దవాఖానాకు పంపాడు. జీపు ఒకటే, దవాఖానా ఒకటే, డాక్టరు ఒకడే. మందు ఒకటి కాదు.

నకలు ఇచ్చే గుమస్తా కూర్చోమన్నాడు. వరండాలో సూది కోసం వరస ఉంది. జంపక్క పక్కన ఒక లంబాడీ ఆడమనిషి తన కడుపు మీద తడిగుడ్డ అదుముకుంటూ కూర్చుంది. బొడ్డు చుట్టూ గడ్డలు కట్టి ఎర్రగా ఉబ్బింది. జంపక్కకు తన కడుపు చూసినట్టే అయింది.

"ఎన్నోది?" అడిగింది.

"తొమ్మిదోది అక్కా. ఇంకా ఐదున్నయ్. ఉడుకు నీళ్ల కాపడం పెడ్తే తగ్గుతదా?"

"తగ్గది. పేరేంది?"

"గోరి. పాల్వంచ దిక్కు ఇటుకబట్టీల చేస్త. మేస్త్రి కుక్కే కరిసింది. నాలుగు రోజులకు అది సచ్చింది." కాళ్లు చాపి మడమలు నలుపుకుంది. "నిన్నటి సంది అరికాళ్లు జిల్లుమంటున్నయ్. దూది మీద నడిసినట్టున్నది. బట్టీల నిలబడీ నిలబడీ గిట్లయింది."

జంపక్క సర్రున ఆమె అరికాళ్ల వైపు చూసింది. దూది. తనకూ అంతే. తొమ్మిదో రోజు నేల మెత్తగా అయింది. పదకొండో రోజు బిందె ఎత్తబోయి మోకాళ్ల మీద కూలింది. పద్నాలుగో సూదికి మంచం మీద మోసుకొచ్చారు. అప్పుడు కూడా పొడిచారు.

"డాక్టరుకు చెప్పినవా? అరికాళ్ల సంగతి?"

"చెప్పిన. బలం లేదు, గుడ్లు తిను అన్నడు."

సరిగ్గా అదే మాట. గుడ్లు తిను.

జంపక్క ఆమె చెయ్యి పట్టుకుంది. సూది మానెయ్యి అందామని నోటిదాకా వచ్చింది. అనలేకపోయింది. కుక్క చచ్చిందట. అంటే అది పిచ్చిదే. మానేస్తే చావు, నీళ్లు చూసి వణికి వణికి చావు. మానకపోతే ఇది. రెంటి మధ్యన ఒక దారి ఉంది. అది ముందు గదిలో ఉంది.

"చేతి సూది ఎయ్యమను. అరికాళ్లు పట్టినయ్, ఇది వద్దు, అది ఎయ్యుండ్రి అను. సూది మాత్రం ఆపకు. మందు మార్పిచ్చుకో. ఇంటున్నవా?"

"అది కొనుక్కోవాల్నంట గద అక్కా." గోరి నవ్వింది. "మేము కొనేటోళ్లమా?"

"ఓ సిస్టరమ్మా!" జంపక్క అరిచింది. వరస మొత్తం తిరిగి చూసింది. "ఈమెకు నా లెక్కనే అయితున్నది! సూడుండ్రి!"

సూది పట్టుకున్న నర్సు ఆమెను చూసి గుర్తుపట్టి మొహం తిప్పుకుంది. "నీది కేసులో ఉన్నదమ్మా. నీతోని మాట్లాడొద్దన్నరు. నెక్స్ట్!"

గోరి లేచింది. ఒక అడుగు వేసి గోడ పట్టుకుంది. "తిమ్మిరి," అంది సిగ్గుగా, ఇంకో అడుగు వేసింది.

నకలు తీసుకుని ఖమ్మం బస్సెక్కారు. నాలుగు గంటల దారి. కిటికీలోంచి జామాయిలు తోటలు, బొగ్గు లారీలు వెనక్కి పోతున్నాయి. ఆమెకు కనిపించింది గోడ పట్టుకున్న చెయ్యి ఒక్కటే. రమణ రెండుసార్లు "లేదు అను, మరువకు" అన్నాడు. సీతయ్య తువాలు మూటను ఒళ్లో పెట్టుకుని, దాని మీద నీళ్లు చిలకరించి, మళ్లీ కట్టాడు.

గురువారం పదిన్నరకు జిల్లా వినియోగదారుల ఫోరంలో పిలిచారు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని వైద్యం చేసే దవాఖానా కాబట్టి ఉచితంగా చేయించుకున్నవాళ్లకూ అడిగే హక్కుందని హీరాలాల్ వాదించి ఇక్కడిదాకా తెచ్చాడు. ఎత్తు బల్ల వెనక ముగ్గురు, మధ్యన అధ్యక్షుడు. కింద ఒక వైపు డాక్టరు. ఆయన పక్కన ట్రస్టు తరఫు సాక్షిగా వెంకటప్పయ్య, తెల్లటి ఇస్త్రీ పంచెలో. రమణ పెళ్లాన్ని కుర్చీలో దించి, జారిన కాళ్లను ఒకటొకటిగా సర్దాడు. వెంకటప్పయ్య అప్పుడు ఫ్యాను వైపు చూస్తున్నాడు.

ముందు ఆయన్నే అడిగారు. "ఈ గూడేలవాళ్లు దేనికైనా పసరే తాగుతారండి. చెప్పినా వినరు," అన్నాడు. ఎవరో నేర్పిన పాఠం అప్పజెప్పినట్టుంది.

ఆ తర్వాత జంపక్క. ప్రమాణం చేయించారు. ట్రస్టు వకీలు వేలిముద్ర కాగితం ఆమె ముందు పెట్టాడు.

"ఈ ముద్ర నీదే కదా?"

"నాదే."

"నాటుమందు వాడావా, లేదా? వాడాను, లేదు. రెండిట్లో ఒకటి చెప్పు."

రమణ వెనక నుంచి గట్టిగా దగ్గాడు. హీరాలాల్ పెన్ను పట్టుకుని ఆమె పెదాల వైపు చూస్తున్నాడు. లేదు. రెండక్షరాలు. అంటే కాళ్లకు ఖరీదు వస్తుంది. అనకపోతే ఏమీ రాదు. జంపక్క చీరకొంగును వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. కళ్ల ముందు గోరి గోడ పట్టుకుంది.

"చెప్పమ్మా," అన్నాడు అధ్యక్షుడు.

"ఆ సంగతి నేను అనగూడదు సారూ. ఉన్నదని అనగూడదు, లేదని అనగూడదు."

ట్రస్టు వకీలు చేతులు చాపి కూర్చున్నాడు. గెలిచినవాడి కూర్చోవడం. హీరాలాల్ కళ్లు మూసుకున్నాడు.

"నేను అంట."

అందరూ వెనక్కి చూశారు. సీతయ్య బెంచీ మీద నుంచి లేచి, మూట చంకన పెట్టుకుని, అడక్కుండానే ముందుకు నడిచి వస్తున్నాడు. బంట్రోతు అడ్డం పోతే అధ్యక్షుడు చెయ్యి ఊపి ఆపాడు.

"ఎవరు మీరు?"

"సీతయ్య. గూడేనికి వడ్డెను. ఈ పిల్ల నా కోడలు. ఆకు కట్టింది నేను."

"మామా!" అంది జంపక్క. ఏం చేయబోతున్నాడో ఆమెకు ఒక్కదానికే తెలిసింది. "వద్దు మామా, అనకు!"

ఆయన వినలేదు. బల్ల మీద తువాలు విప్పాడు. తడి అడవి వాసన ఆ గదిలో లేచింది. గుప్పెడు పచ్చటి ఆకులు. ఒకటి పైకెత్తి దాని పేరు చెప్పాడు. ముందు కోయలో, తర్వాత తెలుగులో. పక్కనున్న సభ్యురాలు రాసుకుంది. వాళ్లకది ఒక చెట్టు పేరు. జంపక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది. సీతయ్య మేనత్త తన చివరి రోజున ఆయన చెవిలో వేసిన పేరు అది. ఆయన చివరి రోజున ఒక్కరి చెవిలో వేయవలసిన పేరు.

"పుండు మీద కట్టిన. తినిపియ్యలే. దీంతోనే కాళ్లు పోయినయని గద మీరనేది? సూడుండ్రి." ఆకు నోట్లో పెట్టుకున్నాడు. ఆవు నమిలినట్టు నింపాదిగా నమిలి మింగాడు. ఇంకోటి మింగాడు. మూడోది తీస్తుంటే అధ్యక్షుడు చాలన్నాడు.

ట్రస్టు వకీలు లేచాడు. "ఇది నాటకం సార్. ఇప్పుడు ఆకులు మింగితే అప్పుడు ఏం కట్టాడో, ఏం తాగించాడో ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తది," అన్నాడు సీతయ్య. తిరిగి వెంకటప్పయ్య ఎదుట నిలబడ్డాడు. "ఆసామీ, నీ మనవడికి కట్టింది ఏ ఆకు?"

జంపక్క చెవుల మీది చేతులు తీసింది. ఇది ఆమెకూ తెలియదు. వడ్డె ఎవరికి కట్టాడో ఇంట్లో కూడా చెప్పడు.

"జీపు తీసేలోపు నీ జీతగాడు నా కోసం ఉరికొచ్చిండు. కోడలికి కట్టిన ఆకుల మిగిలినయే నీ మనవడి పిక్కకు కట్టిన. అదే కుక్క. అదే ఆకు. నీ పోరడు నడుస్తున్నడు. నా కోడలు నడుస్తలేదు. పోరడికి ఏరేగ పడింది ఒక్కటే ఆసామీ. సూది."

"ఇతను చెప్పింది నిజమేనా?" అడిగాడు అధ్యక్షుడు.

వెంకటప్పయ్య పంచె అంచు సవరించుకున్నాడు. డాక్టరు ఆయన మోచేతిని తాకాడు. ఆయన ఆ చెయ్యి వైపు చూసి, బల్ల మీది ఆకుల వైపు చూసి, అక్కడ చూపు నిలవక జంపక్క కాళ్ల వైపు తిరిగాడు. వచ్చినప్పటి నుంచీ చూడనిది ఇప్పుడు చూశాడు. చాలాసేపు చూశాడు.

"నిజమేనండి," అన్నాడు. "నేనే కబురు పెట్టి పిలిపించాను. కోయవడ్డెతో కట్టించానంటే నలుగురూ నవ్వుతారని దవాఖానాకు పోయేముందు విప్పి పారేయించాను. పిల్లాడు బాగున్నాడండి. సైకిలు తొక్కుతున్నాడు." గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ అడ్డం రాకపోతే కుక్క వాడి మెడ పట్టేదండి."

అధ్యక్షుడు డాక్టరు వైపు తిరిగాడు. "పిల్లాడికి చేతి మందు ఎందుకు వేశారు?"

"వాళ్లు కొనుక్కున్నారు సార్."

"అలాంటిది ఉందని, పాతదానితో ఈ ప్రమాదం ఉందని ఈవిడకు చెప్పారా?"

డాక్టరు కళ్లజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"చెప్పారా?"

డాక్టరు తల దించుకున్నాడు.

"సారూ," అంది జంపక్క. "నేను మాట్లాడకుంటే ఒప్పుకున్నట్టు రాసిండ్రు గద. ఆయనకు గూడ గట్లనే రాయుండ్రి."

సభ్యురాలి పెన్ను ఆగింది. అధ్యక్షుడు జంపక్కను ఒక క్షణం చూసి, "రాయండి," అన్నాడు. "ప్రశ్నకు డాక్టరు జవాబు ఇవ్వలేదు."

తీర్పు ఇరవై రోజులకు వాయిదా వేశారు. గెలిచినట్టే అంటూ హీరాలాల్ ఎగిరి రమణ భుజం చరిచాడు. సీతయ్య మిగిలిన ఆకులను తువాలులో కట్టలేదు. గుప్పిట్లో నలిపి, కిటికీలోంచి బయటికి, రోడ్డు పక్క గడ్డిలోకి వదిలేశాడు. చేతులు తువాలుకు తుడుచుకున్నాడు. పని అయిపోయినవాడి చేతులు.

రమణ వంగి వీపు పెట్టాడు. జంపక్క ఎక్కలేదు. కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది.

"ఇంకేమైనా చెప్పాలా?" లేవబోతున్న అధ్యక్షుడు ఆగాడు.

"ఇరవై రోజులకు వస్త సారూ. నా కాళ్లు యాడికీ పోవు. దవాఖానా ఎనక వరండాల గోరి ఉన్నది. ఆమె కాళ్లు ఇంకా ఉన్నయ్. ఇయ్యాల పదోది పొడిసే ఉంటరు. రేపు పొద్దుగాల పదకొండోది. నేను కూలింది పదకొండోదానికే." ఆమె డాక్టరు వైపు తిరిగింది. "ఈడ ఫోనుంది. చెయ్యి. ఇప్పుడే చెయ్యి. అందరి ముందట చెయ్యి. గోరికి సూది ఆపొద్దు, సూది మార్చుండ్రి. ముందు గదిల మందు ఎనక వరండాకు తేండ్రి, పైసలడగకుండ్రి. ఆ పాత సీసాలు ఎన్నున్నయో అన్నీ పెట్టెలకెల్లి తీసి పగలగొట్టుండ్రి, ఒక్కటి మిగిలినా ఊకోను. నా పైసలు ఇరవై రోజులకియ్యుండ్రి, నలభై రోజులకియ్యుండ్రి. ఫోను మాత్రం ఇయ్యాల, ఈ గడియ. అది చేసిందాక నన్ను ఈ కుర్చీల నుంచి ఎవ్వడూ లేపొద్దు."